ఫాంటసీ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్‌కి విలువ కట్టడం ఎలా?

ఆగస్టు నెలాఖరుకి డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లకి ఫాంటసీ లీగ్ ఆహ్వానాలు రావడం మొదలవుతుంది. డ్రీమ్11 ఆడిన అలవాటుతో చాలామంది ఇదీ అలాంటిదేలే అని చేరిపోతారు. కానీ అక్కడ ఒకే ఆటగాణ్ని లక్షమంది ఎంచుకోవచ్చు, మ్యాచ్ ముగిస్తే లెక్క తేలిపోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ అయిన ఎన్ఎఫ్ఎల్ మీద ఆడే సీజన్ లీగ్‌లో మాత్రం ఒక ఆటగాడు ఒక్క జట్టుకే దక్కుతాడు. తీసుకున్నవాణ్ని సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరుదాకా మొయ్యాలి. కాబట్టి ముందే ధర కట్టడం తెలియాలి. అన్ని స్థానాల్లోకీ ధర కట్టడం కష్టమయ్యేది వైడ్ రిసీవర్‌కే, అంటే ముందుకి పరిగెత్తి పాస్‌లు పట్టేవాడికే. అతను ఎంత గొప్పగా పరిగెత్తి ఖాళీ దొరికించుకున్నా, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ అటు చూసి బంతి విసిరితే తప్ప ఖాతాలో ఒక్క పాయింటూ పడదు.

ముందు మీ లీగ్ సెట్టింగ్స్ పేజీ తెరిచి పాయింట్ల పద్ధతి చూడండి. పది గజాలకు 1 పాయింటు, టచ్‌డౌన్‌కి (బంతితో మైదానం చివరి గీత దాటితే) 6, బంతి జారవిడిచి ప్రత్యర్థికి అప్పగిస్తే మైనస్ 2. దాదాపు అన్నిచోట్లా ఇంతే. తేడా వచ్చేది క్యాచ్ దగ్గర. పాత స్టాండర్డ్ పద్ధతిలో క్యాచ్‌కి ఏమీ రాదు, హాఫ్ పీపీఆర్‌లో (పీపీఆర్ అంటే క్యాచ్‌కి పాయింటు) అర పాయింటు, ఫుల్ పీపీఆర్‌లో ఒక పాయింటు. ఈఎస్పీఎన్‌లో లీగ్ పెడితే ఎవరూ మార్చకపోతే ఫుల్ పీపీఆర్ ఉంటుంది, యాహూలో హాఫ్.

దీని ప్రభావం కాల్విన్ జాన్సన్ అంకెల్లో బాగా కనిపిస్తుంది. డెట్రాయిట్ లయన్స్‌కి ఆడుతూ 2011లో 96 క్యాచ్‌లు, 1,681 గజాలు, 16 టచ్‌డౌన్లు సాధించాడు. 2012లో 122 క్యాచ్‌లతో 1,964 గజాలు చేసి లీగ్ రికార్డు కొట్టాడు, కానీ టచ్‌డౌన్లు ఐదే. స్టాండర్డ్ లెక్కలో మొదటి ఏడాది 264.1 పాయింట్లు, రికార్డు కొట్టిన ఏడాది 226.4. ఫుల్ పీపీఆర్‌లో అవే 360.1, 348.4. అంటే 38 పాయింట్ల తేడా 12కి తగ్గిపోయింది. మీ లీగ్ హాఫ్ అయితే ఫుల్ పీపీఆర్ కోసం తయారైన ర్యాంకుల జాబితా పట్టుకుని డ్రాఫ్ట్‌లో, అంటే వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకునే చోట, కూర్చోకండి. మైదానం మధ్యకి దగ్గరగా నిలబడి పొట్టి పాస్‌లు పది పట్టే స్లాట్ రిసీవర్లు ఆ జాబితాలో ఉండాల్సినదానికన్నా పైన ఉంటారు.

అసలు సరుకు టార్గెట్. రిసీవర్‌ని ఉద్దేశించి విసిరిన ప్రతి బంతీ, పట్టినా పట్టకపోయినా, ఒక టార్గెట్. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ ఎదుర్కొన్న బంతుల లెక్క లాంటిది: పరుగులు ఒకరోజు వస్తాయి, ఒకరోజు రావు, క్రీజులో ఎంతసేపు ఉంటాడన్నది మాత్రం కొంతవరకు ముందే చెప్పొచ్చు. గత ఏడాది ఫాంటసీ పాయింట్ల కన్నా గత ఏడాది టార్గెట్ల వాటా వచ్చే ఏడాదిని మెరుగ్గా సూచిస్తుంది.

వాటా అంటున్నది కావాలనే. జట్టు మొత్తం పాస్‌లలో ఎంత శాతం ఇతని వైపు వచ్చాయో చూడాలి. మ్యాచ్‌కి 34 సార్లు విసిరే జట్టులో 25 శాతం వాటా అంటే ఎనిమిదిన్నర టార్గెట్లు. ఆ స్థాయి ఉన్నవాడు జట్టుకి మొదటి రిసీవర్. 20 శాతం ఉంటే నమ్మకంగా ఆడించొచ్చు. 15కి దిగువన ఉంటే బెంచీ సరుకు. అయితే అదే 25 శాతం మ్యాచ్‌కి 27 సార్లే విసిరి మిగతాదంతా పరుగు మీద నడిపే జట్టులోనైతే ఏడు టార్గెట్లు కూడా కాదు. వాటా ఆటగాడి గురించి చెబుతుంది, మొత్తం కోచ్ గురించి చెబుతుంది. రెండూ గుణిస్తేగానీ బొమ్మ పూర్తవదు.

టార్గెట్ కన్నా ఒక మెట్టు కిందికి దిగితే రూట్ల లెక్క, అంటే పాస్ కోసం రిసీవర్ పరిగెత్తే దారుల లెక్క, ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ పాస్ కోసం వెనక్కి జరిగిన ప్రతిసారీ ఈ రిసీవర్ మైదానంలో ఉండి తన రూట్ పరిగెత్తాడా? మొదటి వరుస రిసీవర్‌కి ఇది 85 శాతం దాటాలి. తర్వాత, పరిగెత్తిన ప్రతి వంద రూట్లకి ఎన్ని టార్గెట్లు వచ్చాయి? 20 వస్తే మామూలు, 25 వస్తే బాగా మంచిది, 30 దగ్గరికి వెళ్లేవాళ్లు లీగ్ మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. స్నాప్ శాతం, అంటే బంతి ఆటలోకి వచ్చిన ఎన్నిసార్లు అతను మైదానంలో ఉన్నాడన్నది, ఒక్కటే చూస్తే మోసపోతారు. పరుగు ఆటల్లో బ్లాకింగ్ కోసం, అంటే ప్రత్యర్థిని అడ్డుకోవడానికి, దించే రిసీవర్‌కి కూడా స్నాప్‌లు బోలెడు ఉంటాయి. రూట్‌కి ఎన్ని గజాలన్న లెక్కలో 2.0 దాటితే అది నాణ్యతకి గట్టి సాక్ష్యం, కానీ దాన్ని వందా నూటయాభై రూట్లు మాత్రమే పరిగెత్తినవాడికి అన్వయించకండి. ఒక్క 70 గజాల టచ్‌డౌన్‌తో ఆ అంకె ఆకాశానికి వెళ్లిపోతుంది.

ఇక టార్గెట్లన్నీ ఒకే విలువవి కావు. ఆట మొదలైన గీత నుంచి ఎన్ని గజాల ముందుకి బంతి గాలిలో వెళ్లి రిసీవర్‌ని చేరాలో దాన్ని ఎయిర్ యార్డ్స్ అంటారు. సగటున ఎనిమిది గజాలలోపు ఉంటే పొట్టి రూట్ల ఆటగాడు: క్యాచ్‌లు ఎక్కువ, పెద్ద వారాలు తక్కువ. పదిహేను దాటితే లోతైన బంతుల ఆటగాడు: ఇరవై గజాలు దాటిన పాస్‌లు లీగ్‌లో సుమారు పదింటికి నాలుగే చేతికందుతాయి కాబట్టి ఒక వారం 25 పాయింట్లు, మరో వారం 3. పది నుంచి పదమూడు మధ్య ఉండి, టార్గెట్లు కూడా బాగా వచ్చేవాడు దొరికితే వదలకండి.

రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపే కొలత ఒకటుంది. ఫుట్‌బాల్ విశ్లేషకుడు జాష్ హెర్మ్స్‌మేయర్ ప్రచారంలోకి తెచ్చాడు. టార్గెట్ల వాటాని 1.5తో, ఎయిర్ యార్డ్స్ వాటాని 0.7తో గుణించి కూడితే చాలు. 25 శాతం టార్గెట్లు, 35 శాతం ఎయిర్ యార్డ్స్ ఉన్నవాడికి 0.375, 0.245 కలిపి 0.62. 0.7 దాటితే అగ్రశ్రేణి. డ్రాఫ్ట్‌కి ముందు ఓ ఇరవైమందికి ఈ లెక్క కట్టి పెట్టుకుంటే పేరున్నవాడెవరో, పనున్నవాడెవరో విడిపోతారు.

ఇంతవరకు చెప్పిందంతా పరిమాణం. దాని పక్కనే నాణ్యత ఉంటుంది. ఈ రెంటిలో దేనికి డబ్బు పెట్టాలన్న దగ్గరే చాలామంది తప్పుతారు. 2023 సీజన్‌లో ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూడండి. న్యూయార్క్ జెట్స్ రిసీవర్ గ్యారెట్ విల్సన్‌కి 168 టార్గెట్లు వచ్చాయి. సీజన్ మొదటి మ్యాచ్‌లో నాలుగో స్నాప్‌కే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ కాలి మడమ నరం తెగి వెళ్లిపోవడంతో, ఆ బంతులన్నీ విసిరింది వేరే చేతులు. 95 క్యాచ్‌లు, 1,042 గజాలు, 3 టచ్‌డౌన్లు. ఫుల్ పీపీఆర్‌లో 217.2. అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాండన్ అయ్యూక్‌కి 105 టార్గెట్లే. 75 క్యాచ్‌లు, 1,342 గజాలు, 7 టచ్‌డౌన్లు. 251.2 పాయింట్లు. విల్సన్‌కి టార్గెట్‌కి ఆరు గజాల చిల్లర, అయ్యూక్‌కి దాదాపు పదమూడు.

పాయింట్ల పట్టిక చూసి మరుసటి ఏడాది కొనేవాడు అయ్యూక్‌నే ఎంచుకుంటాడు. కానీ టార్గెట్‌కి పదమూడు గజాలన్నది ఏ రిసీవర్ దగ్గరా నిలిచే అంకె కాదు. అతని క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ లీగ్‌లోనే అత్యుత్తమ సగటుతో విసిరిన ఏడాది అది. 2024లో అయ్యూక్ ఏడు మ్యాచ్‌లే ఆడాడు. 47 టార్గెట్లకు 374 గజాలు చేసి, టచ్‌డౌన్ ఒక్కటీ లేకుండా, అక్టోబరులో మోకాలి లిగమెంట్ తెగి సీజన్ ముగించాడు. గాయాన్ని ఎవరూ ఊహించలేరు, అది పక్కన పెడదాం. గాయానికి ముందే టార్గెట్‌కి గజాలు ఎనిమిదికి పడిపోయాయి. విల్సన్‌కి రాడ్జర్స్ తిరిగొచ్చాడు, టార్గెట్లు 154 వచ్చాయి, 101 క్యాచ్‌లతో 1,104 గజాలు, 7 టచ్‌డౌన్లు చేసి 253.4 పాయింట్లు తెచ్చాడు. పరిమాణం నిలిచింది, నాణ్యత సగటు వైపు జారింది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని కాదు, కానీ పందెం కాయాల్సిన వైపు ఇదే.

టచ్‌డౌన్ల సంగతి ఇంకా అస్థిరం. రిసీవర్లకు సుమారుగా 22 నుంచి 25 టార్గెట్లకి ఒక టచ్‌డౌన్ వస్తుందనుకోవచ్చు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కి ఆడిన డియాంటే జాన్సన్‌కి 2022లో 147 టార్గెట్లు వచ్చాయి, 86 క్యాచ్‌లు పట్టాడు, 882 గజాలు చేశాడు. టచ్‌డౌన్లు సున్నా! మామూలు లెక్కన ఆరు రావాలి. 174.2 పాయింట్ల దగ్గర ఆగిపోయినవాడికి ఆ 36 కలిస్తే 210 అయ్యేది. మరుసటి ఏడాది గాయంతో 13 మ్యాచ్‌లే ఆడి, 87 టార్గెట్లకే 5 టచ్‌డౌన్లు చేశాడు. మ్యాచ్‌కి సగటు 10.2 నుంచి 11.7కి పెరిగింది. అయితే ఇక్కడ రెండో పాఠం కూడా ఉంది: అదృష్టం తిరిగినా టార్గెట్లు తగ్గాయి కాబట్టి లాభం ఊహించినంత రాలేదు. టచ్‌డౌన్ల లోటుని సరిదిద్దుకునేటప్పుడు టార్గెట్లు అలాగే ఉంటాయని అనుకోకండి.

లోటో మిగులో తేల్చేముందు ఎండ్ జోన్ (టచ్‌డౌన్ గీత అవతలి భాగం) టార్గెట్లు చూడాలి. ఇరవై గజాల రేఖ లోపలికి వచ్చాక జట్టు ఎవరి వైపు చూస్తోంది? పొడుగ్గా, బలంగా ఉండి ఎండ్ జోన్‌లోకే నేరుగా బంతులు అందుకునేవాడికి సగటు కన్నా ఎక్కువ టచ్‌డౌన్లు రావడం అదృష్టం కాదు, అతని పనే అది. టాంపా బేలో మైక్ ఎవాన్స్ ఏళ్ల తరబడి చేసింది అదే. ఎండ్ జోన్ టార్గెట్లు లేకుండా, నలభై యాభై గజాల బంతులు మూడు నాలుగు టచ్‌డౌన్లుగా మారినవాడి మీద మాత్రం ఎంతైనా అనుమానపడొచ్చు.

ఒక్క మ్యాచ్ చూసి ధర పెంచేసే జబ్బుకి బఫెలో రిసీవర్ గేబ్ డేవిస్ పెద్ద ఉదాహరణ. 2022 జనవరి 23న కాన్సాస్ సిటీ మీద ప్లేఆఫ్స్‌లో 8 క్యాచ్‌లు, 201 గజాలు, 4 టచ్‌డౌన్లు. ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఒక రిసీవర్ టచ్‌డౌన్ల రికార్డు అది. దాంతో ఆ ఏడాది డ్రాఫ్టుల్లో నాలుగైదు రౌండ్లకే వెళ్లిపోయాడు. అంతకుముందు రెగ్యులర్ సీజన్ మొత్తంలో అతనికి వచ్చింది 63 టార్గెట్లు. 2022లో 93కి పెరిగాయి, 48 క్యాచ్‌లు, 836 గజాలు, 7 టచ్‌డౌన్లు. చెడ్డ ఆటగాడేం కాదు. కొన్న ధరకి మాత్రం ఎక్కువే.

ధర అన్నాం కాబట్టి అసలు లెక్కలోకి వద్దాం. రిసీవర్ విలువ అంటే అతను చేసే పాయింట్లు కాదు. ఉచితంగా దొరికేవాడి కన్నా ఎన్ని ఎక్కువ చేస్తాడన్నది. 12 జట్ల లీగ్‌లో ఇద్దరు రిసీవర్లు, ఒక ఫ్లెక్స్ (రిసీవరైనా, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాకైనా, అడ్డుకుంటూ పాస్‌లూ పట్టే టైట్ ఎండైనా సరిపోయే చోటు) ఆడించాలంటే వారానికి 24 మంది, ఫ్లెక్స్‌లో ఇంకో ఆరుగురు, మొత్తం సుమారు 30 మంది రిసీవర్లు మైదానంలో ఉంటారు. ఆ ముప్పయ్యోవాడే మీ కొలమానం. అతను వారానికి 11 పాయింట్లు చేస్తాడనుకుందాం. 2024లో జమార్ చేజ్ సిన్సినాటీకి 127 క్యాచ్‌లు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లతో మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడిగా నిలిచాడు. ఫుల్ పీపీఆర్‌లో 399.8, అంటే వారానికి 23.5. కొలమానం మీద 12.5 ఎక్కువ. వారానికి 14 చేసేవాడు పేరుకి ఇరవై ర్యాంకులో ఉన్నా, అదనం మూడే.

మీ లీగ్ ముగ్గురు రిసీవర్లను ఆడించమంటే 36 మందికి ఫ్లెక్స్ కలిపి నలభై దాటిపోతారు. కొలమానం 9కి దిగుతుంది. అప్పుడు ఆ 14 పాయింట్లవాడి అదనం ఐదు. ఆటగాడు మారలేదు, అంకె మారలేదు, విలువ మాత్రం మారింది. వేలం పద్ధతి లీగుల్లో తలా 200 డాలర్ల బడ్జెట్ ఉంటుంది. అక్కడ ఈ అదనాన్ని బట్టే డాలర్లు పంచాలి. మధ్యరకం వాళ్ల మీద పదిహేను ఇరవై డాలర్లు చొప్పున చల్లేసే జట్టు అంకెల్లో బాగానే కనిపిస్తుంది, కానీ వాళ్లలో సగంమందికి సమానమైనవాడు వేవర్‌లో, అంటే ఎవరూ తీసుకోనివాళ్ల జాబితాలో, దొరుకుతాడు.

మామూలు డ్రాఫ్ట్‌లో అయితే మీ లెక్కనీ, సగటు డ్రాఫ్ట్ స్థానాన్నీ పక్కపక్కన రాసుకోండి. మీరు ఇరవయ్యో రిసీవర్ అనుకునేవాణ్ని అందరూ ముప్పయ్యోవాడిగా తీసుకుంటుంటే అతన్ని ఇరవై దగ్గర తీసుకోకండి, ఇరవయ్యారు దాకా ఆగండి. మీ అంచనా నిజమే కావొచ్చు, అయినా ఆ లాభం ముందే ఖర్చుపెట్టేస్తే మిగిలేదేం లేదు.

పైస్థాయిలో తీసుకునేవాడి విషయంలో కింద పడితే ఎంత పడతాడో కూడా చూడాలి. టైరీక్ హిల్ మయామీలో 2023లో 119 క్యాచ్‌లు, 1,799 గజాలు, 13 టచ్‌డౌన్లు చేసి 376.9 తెచ్చాడు. 2024 డ్రాఫ్టుల్లో మొదటి మూణ్నాలుగు ఎంపికల్లో పోయాడు. అప్పటికి వయసు 30 నిండింది, ఆట మొత్తం వేగం మీద ఆధారపడినది. క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవాకి తలకు దెబ్బల చరిత్ర ఉంది. రెండో వారంలో అదే మళ్లీ జరిగి నాలుగు మ్యాచ్‌లు పోయాయి. హిల్ 81 క్యాచ్‌లు, 959 గజాలు, 6 టచ్‌డౌన్లతో 212.9 దగ్గర ఆగాడు. టార్గెట్లు 171 నుంచి 123కి పడ్డాయి. రిసీవర్‌ని కొంటున్నామంటే అతని క్వార్టర్‌బ్యాక్ ఆరోగ్యాన్నీ, రెండో క్వార్టర్‌బ్యాక్ స్థాయినీ కూడా కొంటున్నట్టే. ఆ బెంచీ మీద ఎవరున్నారో డ్రాఫ్ట్‌కి ముందు రెండు నిమిషాలు చూడటం ఎవరూ చేయరెందుకో!

సీజన్ మొదలయ్యాక చదవాల్సిన వరుస తలకిందులు. పాయింట్లు చివర చూడండి. ముందు రూట్లు, తర్వాత టార్గెట్లు, తర్వాత ఎయిర్ యార్డ్స్. 2023లో లాస్ ఏంజెలెస్ రామ్స్ కొత్త కుర్రాడు పూకా నకువా దీనికి నిదర్శనం. ఐదో రౌండ్‌లో, 177వ ఎంపికగా వచ్చినవాడు. చాలా ఫాంటసీ లీగుల్లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. రామ్స్ మొదటి రిసీవర్ కూపర్ కప్ గాయంతో లేకపోవడంతో మొదటి వారం సియాటిల్ మీద 15 టార్గెట్లు వచ్చాయి, 10 క్యాచ్‌లు, 119 గజాలు. టచ్‌డౌన్ లేదు. ఆ వారం రెండు టచ్‌డౌన్లు చేసి, మూడే టార్గెట్లు అందుకున్న రిసీవర్ ఎవరైనా ఉంటే పట్టికలో ఇంచుమించు నకువా పక్కనే కనిపిస్తాడు. కానీ ఒకరిది పని, ఇంకొకరిది సందర్భం. రెండో వారం నకువాకి 20 టార్గెట్లు, 15 క్యాచ్‌లు. ఏడాది ముగిసేసరికి 160 టార్గెట్లు, 105 క్యాచ్‌లు, 1,486 గజాలు.

వేవర్ బడ్జెట్ వంద డాలర్లున్న లీగ్‌లో ఇలాంటివాడికి మొదటి వారమే సగానికి పైగా పెట్టినా తప్పులేదు. సీజన్ మొత్తం వాడుకోవచ్చు కాబట్టి తొలి వారాల్లో డాలరుకి విలువ ఎక్కువ. కప్ తిరిగొస్తే వీడికి బంతులు పోతాయని వెనక్కి తగ్గినవాళ్లున్నారు. సందేహం సబబే. పదిహేను సార్లు తన వైపు విసిరించుకోగలిగేంతగా ఖాళీ దొరికించుకున్నవాణ్ని మాత్రం కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టడు.

దీనికి ఎదురు పొరపాటు ఒకటి: మొదటి రిసీవర్ గాయపడగానే రెండోవాడికి ఆ టార్గెట్లన్నీ వస్తాయనుకోవడం. రావు. పదిలో మూడు నాలుగు రెండోవాడికి, మిగతావి టైట్ ఎండ్‌కీ, రన్నింగ్ బ్యాక్‌కీ చెదిరిపోతాయనుకోవడం క్షేమం. పైగా ఇప్పటిదాకా మొదటివాడి మీద ఉన్న ప్రత్యర్థి బెస్ట్ కార్నర్‌బ్యాక్ (రిసీవర్లని కాపలా కాసేవాడు) ఇప్పుడు ఇతని మీదికి వస్తాడు.

ప్రత్యర్థి ఎవరన్నదానికి నేనైతే తక్కువే విలువిస్తాను. వారానికి పది టార్గెట్లు వచ్చేవాణ్ని ఎవరి మీదైనా ఆడించాల్సిందే. వాతావరణంలో వాన, మంచు చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. నిజంగా పాస్‌లని చంపేది గాలి. గంటకి ఇరవై మైళ్లు దాటితే లోతైన బంతుల ఆటగాణ్ని కూర్చోబెట్టే ఆలోచన చేయొచ్చు.

గాయాల నివేదికలు బుధ, గురు, శుక్రవారాల్లో వస్తాయి. బుధవారం సాధన చేయకపోవడం పెద్ద సంగతేం కాదు, పెద్ద వయసు ఆటగాళ్లకి విశ్రాంతి ఇస్తారు. శుక్రవారం చూడాలి. ఆరోజు కూడా దిగకపోతే ఆదివారం మీద ఆశ వదులుకోండి. కొంత సాధన చేసి 'క్వశ్చనబుల్' అన్న ముద్ర పడితే ఎక్కువగా ఆడతాడు. తొడ వెనక కండరం గాయమైతే మాత్రం ఆడినా పది స్నాప్‌ల తర్వాత పక్కకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

తుది జాబితా మ్యాచ్‌కి గంటన్నర ముందు వస్తుంది. అమెరికా తూర్పు కాలమానం ప్రకారం మధ్యాహ్నం 1 గంట మ్యాచ్ అంటే హైదరాబాద్‌లో రాత్రి 10:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 11:30. కాబట్టి ఇండియా నుంచి ఆడేవాళ్లు తొమ్మిదికి, నవంబరు నుంచి పదికి ఒకసారి జట్టు తెరిచి చూసి పడుకోవచ్చు. ఆలస్యంగా మొదలయ్యే మ్యాచ్‌లు మనకి రాత్రి ఒంటిగంటన్నర తర్వాత కాబట్టి అందులో అనుమానం ఉన్న రిసీవర్ ఉంటే అతన్ని ఫ్లెక్స్ స్థానంలో పెట్టండి, గురువారం ఆడేసినవాణ్ని రిసీవర్ స్థానంలో ఉంచండి. అప్పుడు ఆఖరి నిమిషంలో అతను దిగట్లేదని తేలితే, ఇంకా మ్యాచ్ మొదలవని రన్నింగ్ బ్యాక్‌నైనా, టైట్ ఎండ్‌నైనా ఆ చోట పెట్టుకోవచ్చు. తిప్పి పెడితే రిసీవరే దొరకాలి, ఆ వేళకి బెంచీ మీద రిసీవర్ మిగిలి ఉండకపోవచ్చు.